పేరు మీది మగ్గం

తమ్ముడి మగ్గం పలక దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత ఎడముంటుందో జయచంద్రకు తెలుసు. ఆ ఎడంలోనే అతను ఊపిరి పీలుస్తున్నాడు. టక్కుమన్నప్పుడు వదలడం, పోగు మోసే నాడె ఆ కొస నుంచి ఈ కొసకు జారేటప్పుడు పీల్చడం. అది కనిపెట్టుకుని, ఛీ అనుకుని, తన లెక్కన తాను ఊపిరి తీసుకోబోయాడు గాని కుదరలేదు. ఈ ఇంట్లో ఏ చప్పుడైనా ఆ చప్పుడు కిందే నడవాలి, అవ్వ దగ్గైనా, కొళాయి దగ్గర బిందె మోగడమైనా, పెళ్ళాం ఈశ్వరి రాట్నమైనా. ముఖ్యంగా ఈశ్వరి రాట్నం. అది పలకతో కలిసి తిరుగుతోందా, లేక తనకే అట్లా వినిపిస్తోందా? గడప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకోకుండా ముందుకు వంగి, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించి, అతను కార్మికుల బీమా ఆఫీసు మేడం కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె ఈ ధర్మవరం ఇంటికి వచ్చి, ఇతను నేత నేసేవాడు కాదు, ఇతనికి ఏ పనీ లేదు అని రాసుకుని పోతే చాలు. ఆగిపోయిన నిరుద్యోగ భృతి కదులుతుంది, హిందూపురంలో అద్దె గది నిలుస్తుంది, ఈశ్వరి ఆ రాట్నం ముందు నుంచి లేచి అతనితో రైలెక్కుతుంది.

"ఏమిరా, పెండ్లిచూపులకు వచ్చినోని మాదిరి కూర్చున్నావు?" అంది చౌడమ్మ అవ్వ, మంచం మీద వక్క కొరుకుతూ. "కాళ్ళన్నా చాపుకో."

"ఆఫీసు వాళ్ళు వస్తాండారవ్వా."

"వస్తే రానీ. పని లేదని చెప్పేదానికి ఇస్త్రీ చొక్కా యాల?"

మగ్గం గుంటలోంచి రాఘవేంద్ర నవ్వాడు. రాట్నం ముందు ఈశ్వరి నవ్వింది. ముందు తమ్ముడు నవ్వితే అది చూసి పెళ్ళాం నవ్విందా, ఇద్దరూ ఒకేసారి నవ్వారా? ఒకేసారి నవ్వితే పర్వాలేదు, అవ్వ మాటకు నవ్వినట్టు. ఒకరి తర్వాత ఒకరైతే అది ఒకరి నవ్వుకు మరొకరు బదులివ్వడం. అతని మనసు ఆ చిన్న క్షణాన్ని మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ తిప్పింది, ఎన్నిసార్లు తిప్పినా నవ్వుల వరస తేలలేదు. తేలకపోవడమే నొప్పి. తేలితే ఏదో ఒక వైపు కూర్చోవచ్చు. అనుమానం అనడానికి కూడా లేదు, ఎందుకంటే అనుమానించడానికి అక్కడ ఏమీ లేదని అతనికి తెలుసు. ఏమీ లేని చోట ఇంత మంట ఎక్కడి నుంచి వస్తుంది?

చొక్కా ఫ్యాక్టరీ చొక్కా. హిందూపురం బయట ఆ గార్మెంట్స్ ఫ్యాక్టరీలో, కటింగ్ సెక్షన్లో, పరుపులాగా పొరలు పొరలుగా పరిచిన గుడ్డను కరెంటు కత్తితో గీత వెంట కోసే పని అతనిది. ఎడమ చేతికి ఇనుప గొలుసులతో అల్లిన తొడుగు. కత్తి జారితే వేళ్ళు పోకుండా ఇచ్చేవాళ్ళు. అందరూ ఆ తొడుగును తిట్టుకునేవాళ్ళు, బరువని, ఉక్కపోత అని, భోజనాల బెల్లు మోగగానే విసిరి పారేసేవాళ్ళు. జయచంద్ర ఒక్కడే దాన్ని ప్రేమించాడు. దాని లోపల చెయ్యి ఎంత తడిసినా ఎవరికీ కనిపించదు. పుట్టిన తర్వాత మొదటిసారి తన చేతికి ఒక ఇల్లు దొరికినట్టు ఉండేది. ఆ తర్వాత కోసే పనికి కొత్త మిషన్ వచ్చింది, దానికి గీత అక్కర్లేదు, చెయ్యీ అక్కర్లేదు. సెక్షన్ అంతా ఒకేరోజు బయటికొచ్చారు, పవన్ కూడా.

పవన్ గోరంట్ల వాడు, కత్తి పట్టడం తన దగ్గరే నేర్చుకున్నవాడు. వాడికి భృతి వచ్చింది. "దుడ్లు పడినాయప్పా," అని ఫోన్ చేశాడు, నీకూ పడుంటాయి చూసుకో అని కూడా అన్నాడు, పాపం మంచివాడు, ఆ మంచితనం జయచంద్ర చెవిలో చీమలాగా దూరింది. ఇద్దరూ ఒకే బల్ల మీద అర్జీ పెట్టారు. పవన్‌ది పైకి పోయింది, తనది తిరిగొచ్చింది. మొదటిసారి, ఫ్యాక్టరీవాళ్ళు తీసేశారని రాయడానికి బదులు తానే మానేశాడని రాశారట. తానే మానేసినవాడికి భృతి లేదు. అది సరిచేయించుకోవడానికి మూసిన గేటు ముందు ఎన్ని పొద్దులు నిలబడ్డాడో. రెండోసారి, బ్యాంకులో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది. మూడోసారి కౌంటర్లో కూర్చున్న మనిషి కంప్యూటర్ తెర వైపు చాలాసేపు చూసి, "నీకు పని ఉండాది కదప్పా," అన్నాడు. "ధర్మవరంలో మగ్గం నేస్తాండావు. ఈడ నీ పేరు, నీ ఫోటో." అన్ని నెలల్లో తనకు పని ఉందని ఒక మనిషి అనడం అదే మొదలు. ఒక్క అర క్షణం, నిజంగానే, లోపల ఏదో పొంగింది. అవును, నేను నేస్తాను. ఆ తర్వాతే భృతి గుర్తొచ్చింది.

ఆ ఫోటో. ఏటా ఒకసారి వార్డు ఆఫీసు నుంచి మనిషి వస్తాడు, మగ్గం ఆడుతోందా, నేసేవాడు గుంటలో ఉన్నాడా అని చూసి ఫోన్లో ఫోటో తీసుకుని పోతాడు. ఆ ఫోటో లేకపోతే నేతవాళ్ళకు సర్కారు ఇచ్చే సాయం రాదు. నాయనకు పింఛను వస్తోంది కాబట్టి అదే రేషన్ కార్డులో ఉన్న తమ్ముడికి సాయం కుదరదన్నారు. పెళ్ళయి కార్డు వేరుపడింది తనకే. అట్లా మగ్గం పెద్దకొడుకు పేరు మీదికి వచ్చింది. ఆ మనిషి వచ్చే రోజు హిందూపురంలో సెలవు పెట్టి, రైలెక్కి, పెనుకొండ కొండ కిటికీలో వచ్చి పోయాక, ధర్మవరంలో దిగి, ఇంటికొచ్చి, చొక్కా విప్పి బనీనుతో గుంటలోకి దిగేవాడు. రాఘవేంద్ర అప్పుడే లేచి ఉండేవాడు. గుంటలో తమ్ముడి కాళ్ళ వెచ్చదనం అట్లాగే ఉండేది. కూర్చునే చెక్క మీద తమ్ముడి ఒంటి పల్లం. "చెయ్యి పలక మీద పెట్టన్నా, ఈ పక్క చూడు, అంతే," అనేవాడు ఆ మనిషి. ఫోటో తీసే అంతసేపూ జయచంద్ర ముఖంలో ఒక నిబ్బరం వచ్చేది. నటన అని అందరూ అనుకునేవాళ్ళు, అతనూ అనుకునేవాడు. తీసిన ఫోటో ఆ ఫోన్లో చూసినప్పుడల్లా, ఆ గుంటలో కూర్చున్న మనిషి మీద అతనికి అసూయగా ఉండేది. వాడు తానే. వాడికి మగ్గం ఉంది, వాడి చేతులు పొడిగా ఉన్నాయి, ఎందుకంటే ఫోటోలో చెమట పడదు.

నీ చేతిలో నీళ్ళుండాయిరా. నాయన ఒక్కసారే అన్నాడు ఆ మాట. తిట్టలేదు, కొట్టలేదు. అప్పుడు మగ్గం మీద మీగడరంగు చీర ఉంది. మధ్యాహ్నం అన్నం తిని నాయన కునుకు తీసినప్పుడు, మీసం రాని జయచంద్ర గుంటలోకి దిగి నాలుగు వేళ్ళ వెడల్పు నేశాడు. అంచు చెడలేదు, పోగు తెగలేదు. తమ్ముడు పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూశాడు. ఆ రోజు తమ్ముడి కళ్ళలో తాను ఎంత పెద్దవాడో, మళ్ళీ ఎవరి కళ్ళలోనూ అంత పెద్దవాడు కాలేదు. చీర కోసినాక షావుకారు వెలుతురుకు పట్టి చూసి, ఆ నాలుగు వేళ్ళ చోట చెమట మరక మీద గోరుతో గీశాడు. నాయన చీర మడత పెట్టుకుని ఇంటికొచ్చి, కొడుకు రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని తిరగేసి చూశాడు, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు, ఆ మాట అన్నాడు. మరుసటి వారం రాఘవేంద్రను గుంటలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తమ్ముడి చేతులు ఎండాకాలంలో కూడా గోడలాగా పొడిగా ఉంటాయి. పొడి చేతులు! మనిషికి మనిషి మీద ఎన్నింటికో ఓర్వలేనితనం ఉంటుంది, చదువుకు, పొలానికి, రంగుకు. అరచేతి పొడికి ఓర్వలేని మనిషి ఎక్కడన్నా ఉంటాడా అని అతను ఎన్నో రాత్రులు తనను తానే అడిగాడు. ఉన్నాడు. పెళ్ళి పీటల మీద ఈశ్వరి చెయ్యి పట్టుకోమన్నప్పుడు కూడా, పంచె అంచుకు రహస్యంగా తుడుచుకుంటూ, వెనక నిలబడ్డ తమ్ముడి చేతుల గురించే అనుకున్నాడు.

ఈశ్వరిది పెనుకొండ. గది అద్దె ఇవ్వలేక సామాను సగం మూటకట్టినప్పుడు పుట్టింటికి పోతానంది, పోయింది. పది రోజులకు నాయన కబురు పెట్టాడట, ఇక్కడ కండెలు చుట్టే మనిషి కావాలి, పరాయివాళ్ళకిచ్చే కూలి మన పిల్లకే ఇస్తాం గదా అని. తీసుకురావడానికి రాఘవేంద్ర మోటరుసైకిల్ మీద పోయాడు. అందులో ఏముంది, మరిది గదా, ఎవరు పోతారు మరి. ఈ ఉదయం రైలు కిటికీలో పెనుకొండ కొండ తిరుగుతూ వచ్చినప్పుడు, ఆ కొండ కింద రోడ్డు మీద ఒక మోటరుసైకిల్ పోతోంది, వెనక ఒక ఆడమనిషి కొంగు చెవుల చుట్టూ బిగించి కూర్చుంది. ఎవరో. ఎవరైతేనేం, అతని మనసు వాళ్ళిద్దరికీ పేర్లు పెట్టేసింది. గాలికి మాట వినపడక ఆమె ముందుకు వంగి ఉంటుంది. ఏమడిగి ఉంటుంది? నెమ్మదిగా పోవయ్యా అని ఉంటుంది. వాడు విని ఉండడు. హిందూపురం గదిలో ఉన్నప్పుడు ఈశ్వరి పాట పాడటం అతను ఎప్పుడూ వినలేదు, ఇక్కడ రాట్నం తిప్పుతూ నోట్లోనే ఏదో గొణుగుతోంది, ఆ గొణుగుడుకు పలక తాళం వేస్తోంది. ఆమె చుట్టిన కండె నాడెలోకి పోతుంది, నాడెలోంచి చీరలోకి. ఆమె చేతి పోగు వాడి చేతిలోంచి నడుస్తుంది. ఒకే చీరలో ఇద్దరి చేతులు. తాను ఆ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఏ పనీ లేనివాడినని రుజువు చేసుకోవడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని.

రాగానే ఉదయం మాట్లాడుకున్నారు, అందరూ కలిసి, టీ తాగుతూ. నాయన నాగభూషణం గ్లాసు కింద పెట్టి, "మగ్గం చిన్నోని పేరుతో మార్పించుకుంటాం. దానికొచ్చే సాయం పోతే పోనీ. నీ సంసారం నిలబడితే చాలు," అన్నాడు. అంతకన్నా ఏ తండ్రి ఏమంటాడు. కానీ ఆ మాటలో మగ్గం ఎంత తేలిగ్గా చేయి మారింది! కాగితం మీదైనా అది ఇన్నేళ్ళు తనది. రాఘవేంద్ర అన్న మోకాలి మీద చరిచి, "మేడం నెయ్యమంటే నెయ్యన్నా. రెండు తూర్లు నాడె విసురు, ఏదో ఒక పోగు తెగుతాది. తెగినాక గమ్మున కూర్చో. అతకొద్దు. మిగతాది నేను చెప్తాలే," అన్నాడు. ఎంత నమ్మకం, పోగు తెగుతుందని. తెగకపోతే ఏం చేయాలో వాడు చెప్పనే లేదు.

వీధిలో బండి ఆగింది. పలక ఆగింది. ఇంతసేపటికి తన ఊపిరి తనకు చిక్కింది గాని, ఆ నిశ్శబ్దంలో దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు.

మేడం పేరు ఉషారాణి. చిన్న వయసే, చేతిలో హెల్మెట్, భుజానికి సంచి. వెంట వార్డు మనిషి. ఆమె లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, మగ్గం వైపు ఒకసారి చూసి, "జయచంద్ర ఎవరు?" అంది.

"నేనే మేడం."

ఆమె ట్యాబ్ తీసి ఫోటోనూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "ఈడ ఉండేది మీరే కదా?"

"నేనే. ఫోటో వరకే మేడం."

"తప్పు మాదే మేడం," నాయన లేచి నిలబడ్డాడు. "నేసేది చిన్నోడు. పెద్దోని పేరుతో రాయించినాం. మార్పించుకుంటాం."

"మగ్గం ఎవరిదనేది వేరే వాళ్ళు చూసుకుంటారు పెద్దాయనా. ఈయన నేత మీద బతుకుతాండాడా లేదా, నేను రాయాల్సింది అంతే."

"మా అన్నకు రాదు మేడం," రాఘవేంద్ర గుంట గట్టు మీద కూర్చుని, ఒప్పుకున్న మాటను ఒప్పుకున్న దానికన్నా గట్టిగా అన్నాడు. "నాడె పట్టుకునేది గూడా రాదు. చిన్నప్పటి నుంచి అంతే, చెయ్యి మంచిది కాదు. గుంటలోకి దిగితే పడుగంతా తెంపి పెడతాడు. కావాలంటే మా వదిననడగండి."

"అవును మేడం. ఆయప్పకు చేతకాదు," అంది ఈశ్వరి.

అందులో ఏమీ లేదు. ఉదయం అనుకున్న మాటే. కానీ వదిననడగండి అనగానే ఆమె ఎంత తొందరగా అందుకుంది, నాడె ఈ కొస నుంచి ఆ కొసకు జారినంత సులువుగా. అబద్ధం చెప్పేటప్పుడు ఈశ్వరి చెవులు ఎర్రబడతాయని అతనికి తెలుసు. చెవుల వైపు చూశాడు. ఎర్రబడలేదు.

"ఒకసారి కూర్చోండి," అంది ఉషారాణి.

అతను చొక్కా విప్పి, కుర్చీ వీపుకు తగిలించి, గుంటలోకి దిగాడు. అదే వెచ్చదనం, అదే పల్లం. మగ్గం మీద ముదురు వంకాయ రంగు, చెమట పడినా చెప్పని రంగు. గట్టు మీద కొబ్బరి చిప్పలో బూడిద ఉంది, తెగిన పోగులు అతికేటప్పుడు వేళ్ళకు అద్దుకునేది. అతను రెండు అరచేతులూ ఆ బూడిదలో ఒత్తాడు. పక్కనుంచి రాఘవేంద్ర చిన్నగా దగ్గాడు, అన్న వేషం బాగా కట్టాడని. మొదటి దెబ్బ తేలిపోయింది. రెండోది గట్టిగా పడింది. మూడోదానికి కాళ్ళు వాటంతటవే దిగాయి, నాడె తాడు భుజం నుంచి కదిలింది, ఇన్నేళ్ళూ కుర్చీలోంచి, గడపలోంచి, హిందూపురం మంచం మీది చీకట్లోంచి లెక్క పెట్టుకున్న ఆ ఎడం ఇప్పుడు అతని మోచేతిలో ఉంది. ఆగు, అని ఒక గొంతు, చాలు, అద్దె గది, ఈశ్వరి, రైలు, ఇప్పుడు చెయ్యి వణికిస్తే చాలు. ఆ గొంతు తనదే, కానీ చాలా దూరం నుంచి, పెనుకొండ దాటిన రైలు కూతలాగా. టక్. టక్. ఈశ్వరి చూస్తోందా? తల తిప్పితే తాళం పోతుంది. చూస్తూనే ఉండాలి. చూడు. నాకు చేతకాదన్నావు గదా, చూడు.

అంచు దగ్గర పోగు తెగింది.

తమ్ముడు చెప్పినట్టే తెగింది. ఇంక చేతులు ఒళ్ళో పెట్టుకుని మేడం వైపు చూస్తే సరిపోతుంది. రాఘవేంద్ర అప్పటికే నోరు తెరిచాడు, చెప్పినాను కదా మేడం అనడానికి. ఆ తెరిచిన నోరు జయచంద్రకు కంటి కొసన కనిపించింది. అతని వేళ్ళు బూడిదలోకి పోయాయి, తెగిన కొసను వెతికి పట్టుకున్నాయి, కొత్త కొస చేర్చి బొటనవేలి కింద ఒక్క మెలిక తిప్పాయి. పోగు అతికింది. ముడి లేదు, గుర్తు లేదు. నాడె మళ్ళీ జారింది.

ఉషారాణి ఆ పోగు వైపు వంగి చూసింది. తర్వాత ట్యాబ్‌లో ఏదో నొక్కి, సంచిలో పెట్టుకుంది.

"మా మేనత్త వాళ్ళింట్లో మగ్గముండేది," అంది. "పోగు అతకడం రానోళ్ళకు రాదు. ఇల్లంతా ఒక మాట అనుకున్నారు, మీరొక్కరే మరిచిపోయినారు." కోపంగా అనలేదు. కొంచెం నవ్వింది కూడా. "నేత పని ఉండాదని రాస్తాండా. ఇంకేమన్నా చెప్పేది ఉంటే ఆఫీసుకొచ్చి చెప్పుకోండి."

ఆమె, వెనకే వార్డు మనిషి పోయారు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఇంట్లో పలక చప్పుడు తప్ప ఏమీ లేదు, ఎందుకంటే జయచంద్ర ఆపలేదు. ఆపితే ఎవరో ఒకరు మాట్లాడతారు. నాయన దగ్గరికొచ్చి, గుంట గట్టు పక్కన గొంతుక్కూర్చుని, నేసిన చోటు గోటితో తడిమి చూశాడు. "పలక అంత గట్టిగా వెయ్యొద్దు," అన్నాడు నాయన. "పోగు నలుగుతాది." నేసేవాడికి చెప్పే మాట అది. నేయలేనివాడికి ఎవరూ చెప్పరు. ఇన్నేళ్ళూ తమ్ముడికి పడిన ఆ మాట కోసమే ఈ గడప బయట పడిగాపులు కాశానని, అది దొరికినంత మాత్రాన ఒంట్లో ఏదీ చల్లబడదని అతనికి ఒకే క్షణంలో తెలిసింది.

నాడెలో కండె అయిపోయింది. ఈశ్వరి లేచి కొత్త కండె తెచ్చింది. అతను చెయ్యి చాపాడు, అరచేతిలో బూడిద అప్పటికే తడిసి బురదయింది. ఆమె ఆ చేతిని చూసి, కండె చేతిలో పెట్టకుండా గట్టు మీద పెట్టింది.

"హిందూపురం పోయి రూము ఖాళీ చేసి రా," అంది. "మిగిలిన సామాను నీవే మోసుకో."

"ఈశ్వరీ..."

"నేత పని ఉండాది కదా నీకు. నెయ్యి."

చెవులు ఎర్రగా ఉన్నాయి. కోపానికి కూడా ఎర్రబడతాయని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. ఆమె రాట్నం దగ్గరికి పోలేదు, వంటింట్లోకి పోయింది. అతను కండె నాడెలో వేసుకున్నాడు, ఇంకేం చేయాలో తెలియక. తలెత్తితే రాఘవేంద్ర ఇంకా నిలబడే ఉన్నాడు. ఈ ఇంట్లో పగటిపూట వాడు నిలబడి ఉండటం ఎవరూ చూడలేదు. పొడిగా, శుభ్రంగా ఉన్న ఆ చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి, పెట్టుకునే చోటు లేక. వాడు అన్న నేసిన గుడ్డ వైపు చూశాడు, ఇంకా దాని మీదే వేలు పెట్టుకుని ఉన్న నాయన వైపు చూశాడు, మళ్ళీ గుడ్డ వైపు చూశాడు. పోయి గడప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, అన్న ఇస్త్రీ చొక్కాకు ఆనుకోకుండా ముందుకు వంగి, అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించి కూర్చున్నాడు.

జయచంద్ర తాడు లాగాడు. పలక పడింది. కుర్చీలో తమ్ముడి ఛాతీ ఆ దెబ్బకు దిగింది, నాడె జారేటప్పుడు లేచింది, మళ్ళీ దెబ్బకు దిగింది.